తీపి చావని తెల్ల వైన్

బడాయికి తన నాలుక మీద ఉన్నంత నమ్మకం భూమ్మీద ఇంకే వస్తువు మీదా లేదు. ఆ నాలుకతో అతను రెండు పనులు చేసేవాడు. ఒకటి రుచి చూడడం, రెండోది గొప్పలు చెప్పడం. రెండో పనిలో అతన్ని మించినవాడు లేడని ఊరంతా ఒప్పుకుంది. మొదటి దానిలోనూ అంతటివాడినేనని అతనే ప్రకటించుకున్నాడు.

"కళ్లకి గంతలు కట్టి ఒక్క ద్రాక్షపండు నోట్లో పెట్టండి. అది ఏ వరుసలో కాసిందో, కోసినవాడిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో చెప్పేస్తా" అనేవాడు టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని. ఎవడైనా పనిగట్టుకుని తువ్వాలు తెచ్చి గంతలు కట్టబోతే మాత్రం ఆ పూట అతనికి పంటినొప్పి వచ్చేది.

బడాయి అన్నది ఊరు పెట్టిన పేరు. అసలు పేరు పెళ్లికార్డు మీద ఒకసారి అచ్చయింది. తర్వాత దానితో ఎవరికీ పని పడలేదు. వ్యవసాయ కాలేజీలో చేరి రెండో ఏడు మధ్యలో బయటికి వచ్చేశాడు. పరీక్ష తప్పాడని గిట్టనివాళ్లు అంటారు గానీ అది అబద్ధం. రాస్తే కదా తప్పడానికి! అతను చెప్పే కథ వేరు. ఒకరోజు ప్రొఫెసరు పాఠం సగంలో ఆపి, "నాయనా, ఇక మీదట నువ్వు చెప్పు, నేను వింటాను" అన్నాడట. పెద్దాయన్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక కాలేజీయే వదిలేశాడట. ఈ కథ చెబుతున్నంతసేపూ లోపల్నించి ఒక గొంతు, "ఒరేయ్, ఆ ప్రొఫెసరుకి నీ మొహం కూడా తెలీదు కదరా" అని సణిగేది. ఆ గొంతూ బడాయిదే. బయటి గొంతుకి టీకొట్టు నిండా శ్రోతలు. లోపలి గొంతుకి అతనొక్కడే. పాపం, అది ఎప్పుడూ ఓడిపోతూనే ఉండేది.

పెళ్లయ్యాక ఇల్లరికం వచ్చాడు. మామగారికి కొండవాలు మీద ద్రాక్షతోట ఉంది. ఇంటి కింద నేలమాళిగ, అందులో వరసగా చెక్క పీపాలు. ఆ ఇంట్లో తయారయ్యే సరుకు ఒక్కటే, డ్రై వైట్ వైన్. లేత గడ్డిరంగు, నాలుక చివర చిన్న పులుపు, మింగాక చల్లటి రాయి మీద చెయ్యి పెట్టినట్టు ఒక శుభ్రం. తీపి అన్నది మచ్చుకైనా ఉండకూడదు. రసంలోని చక్కెరంతా పులిసి చివరి పలుకు దాకా హరించుకుపోవాలి. దాన్ని ఆ ఇంట్లో "తీపి చావడం" అనేవాళ్లు. చలికాలం వచ్చిందంటే అత్తగారు వంటింట్లోంచి, "ఏమండీ, తీపి చచ్చిందా?" అని కేకేసేది. మామగారు కింద నుంచి, "ఇంకా కొన ఊపిరితో ఉంది" అనేవాడు. కొత్తల్లో ఇది విన్నప్పుడు బడాయికి ఆ పూట అన్నం సయించలేదు.

మామగారు మాటకారి కాడు. అల్లుడు ఒక సాయంత్రం వాడే మాటలు ఆయనకి ఏడాదికి సరిపోయేవి. అల్లుడికి పురుగుమందు కొట్టడం, తీగలు కట్టడం, బుట్టలు మొయ్యడం అప్పగించాడు గానీ నేలమాళిగ తాళంచెవి మాత్రం మొలతాడుకే ఉంచుకున్నాడు. "నమ్మకం లేక కాదు, నా శ్రమ చూడలేక" అని బడాయి టీకొట్టులో వివరించాడు.

అలాంటి మనిషి కోతలు దగ్గరపడిన రోజుల్లో కొట్టాం పైకప్పు సర్దుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. డాక్టరు కట్టు కట్టి మూడు నిషేధాలు చెప్పాడు. మెట్లు ఎక్కకూడదు, దిగకూడదు, మందులు వాడుతున్నన్నాళ్లూ వైన్ చుక్క నోట పెట్టకూడదు. మొదటి రెండూ ఆయన తలూపి ఒప్పుకున్నాడు. మూడోది విన్నప్పుడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మర్నాడు అల్లుణ్ణి మంచం దగ్గరికి పిలిచాడు.

"అల్లుడూ, ఈ ఏడు నువ్వే చెయ్యాలి."

"నేను చేస్తే ఎలా ఉంటుందో తెలుసా మావయ్యా? పీపాలు వాటంతట అవే లేచి..."

"ఆగు. మన చుట్టుపక్కల అందరూ పళ్లు ఫ్యాక్టరీ లారీ ఎక్కించేస్తున్నారు. అక్కడ అందరి పళ్లూ ఒకే తొట్టిలో పడతాయి. ఇది ఈ కొండదని చెప్పడానికేం మిగలదు. నేనింక కిందికి దిగి ఆ పని చేసేవాణ్ణి కాదు. నువ్వు చేసింది కుదిరితే తాళంచెవి నీదే. కుదరకపోతే వచ్చే కోతకి మనమూ లారీయే. పీపాలు అమ్మేద్దాం. చేతకాదంటే ఇప్పుడే చెప్పెయ్, తప్పులేదు."

లోపలి గొంతు, "చెప్పరా, చేతకాదని చెప్పు" అని కాళ్లావేళ్లా పడింది.

"భలేవారే మావయ్యా! ఈ పని నాకు నిద్రలో..."

"నిద్రలో వద్దు. మెలకువగా ఉన్నప్పుడే చెయ్యి" అన్నాడు మామగారు.

"కుదిరిందో లేదో చెప్పేదెవరు?" అని అడిగింది బడాయి భార్య. ఆవిడ ఊళ్లో పోస్టాఫీసులో పని చేసేది. ఏ మాటకైనా ముద్ర పడితే గానీ నమ్మదు.

"ఇంకెవరు, ఏటా మన సరుకు కొనే మా హోటలు బావ. ఎండలు మొదలయ్యాక ఎప్పట్లాగే భోజనానికొస్తాడు కదా. ఆయన తాగి కొంటానంటే కుదిరినట్టు."

కోత మాత్రం బడాయి నిజంగానే బాగా చేయించాడు. ఇది అతను ఎవరికీ చెప్పుకోలేదు. నిజమైన సంగతులు చెప్పడం అలవాటు లేక. పళ్లకి ఎండ తగలకముందే, మంచు తడి ఆరకముందే కూలీలతో కత్తెరలు పట్టించాడు. అయినా నోరు ఊరుకోదు కదా. ఒకప్పుడు వడగళ్ల వాన వస్తే గొడుగు పట్టుకుని తోటంతా అటూఇటూ పరిగెత్తి ఒక్క గుత్తికి కూడా దెబ్బ తగలనివ్వలేదన్న కథ ఎత్తుకున్నాడు. గట్టు మీంచి భార్య కేకేసింది.

"ఏమండోయ్! మీ కోతలు ఆపి ఈ కోత కానివ్వండి. ఎండెక్కుతోంది."

కూలీలు నవ్వారు. అతనూ నవ్వాడు. బుట్టలు వచ్చినవి వచ్చినట్టే మరలో పోసి పిండించాడు. తొక్కలు రసంలో నానితే రంగూ వగరూ దిగుతాయి, తెల్ల వైన్‌కి అది పనికిరాదు. మురికినీళ్లలా దిగిన రసం ఒక రాత్రి కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కి చేరింది. పైనున్న తేట రసాన్ని పీపాల్లోకి తోడాడు. కొన్నాళ్లకి పీపాల నోటి దగ్గర నురగ కట్టింది. చెవి ఆనిస్తే లోపల పెళ్లివారు గుసగుసలాడుకుంటున్నట్టు ఒకటే సందడి. బడాయి రోజూ కిందికి దిగి వాటితో కబుర్లు చెప్పేవాడు. తన మాటలకి ఎదురు చెప్పనివాళ్లు దొరకడం అతని జీవితంలో అదే మొదలు.

అంతా సవ్యంగా నడుస్తుండగా చలి విరుచుకుపడింది. కిటికీల అద్దాలు తెల్లబడ్డాయి. నేలమాళిగలో నోరు తెరిస్తే పొగ. ఒకరోజు చెవి పెడితే పీపాలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి.

"తీపి చచ్చింది!" అని మెట్ల మీంచే ప్రకటించాడు.

"ఇంత తొందరగానా? చలికి పులియడం ఆగిపోయిందేమో చూడండి. నాన్నయితే ఆ గాజుగొట్టం వేసి చూసేవాడు" అంది భార్య.

గాజుగొట్టం అంటే, రసంలో వేస్తే తేలేది. చక్కెర ఎక్కువుంటే పైకి తేలుతుంది, తగ్గేకొద్దీ మునుగుతుంది. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే పని.

"థర్మామీటరు పెట్టేది జొరమొచ్చినవాడికి. నా నాలుక ఉండగా గొట్టమెందుకే?"

"పోనీ నేను రుచి చూస్తాను, ఇటివ్వండి." తాగి, ముక్కు చీదుకుంది. "ఛీ, పాడు జలుబు. నీళ్లో వైనో కూడా తెలీడం లేదు."

ఇక్కడ బడాయి శాస్త్రం ఒకటి చెప్పుకోవాలి. చలికి నాలుక మొద్దుబారుతుందనీ, వేడి నాలుకే పదునైన నాలుకనీ అతను కనిపెట్టాడు. ఏ పుస్తకంలోనూ లేదు, అదే దాని గొప్ప. కాబట్టి ప్రతి పీపా దగ్గరా ముందు ఒక గుక్క వేడి టీ, తర్వాత ఒక గుక్క వైన్. అతని టీ అంటే ఊరందరికీ తెలుసు. అందులో చెంచా వేస్తే పక్కకి ఒరగదు, నిలబడుతుంది. అంత చక్కెర. పాకంలో ముంచిన నాలుక మీద నిమ్మరసం పోసినా, తేనె పోసినా ఒకటే. బడాయికి ప్రతి పీపా పుల్లగా, తీపి లేకుండా, అద్భుతంగా తోచింది. "నా జన్మలో ఇంత డ్రై వైన్ చూళ్లేదు" అన్నాడు. అది నిజమే కావచ్చు. ఆ టీ తర్వాత కుండలో నీళ్లు తాగినా అదే మాట అనేవాడు.

చిన్న పీపాలన్నీ సీసాల్లోకి ఎక్కించి, బిరడాలు కొట్టి, పైన మంచంలో ఉన్న మామగారికి కబురు పంపాడు. మూలనున్న పెద్ద పీపా ఒక్కటి మిగిలింది. దాని దగ్గరికి వెళ్లి చూశాడు. దాని పొట్ట చూశాడు. తన నడుము సంగతి ఆలోచించాడు. "ఇది ఇంకొంచెం ముదరాలి" అని ఒక శాస్త్రీయ కారణం చెప్పి వెళ్లి దుప్పటి కప్పుకున్నాడు.

ఆ చలికాలమంతా మామగారు మంచంలో పడుకుని ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఈసారి ఎలా వచ్చింది?" బడాయి చెప్పే ప్రతి మాటా కళ్లు మూసుకుని వినేవాడు. తాగలేని మనిషి చెవులతో తాగుతున్నట్టు ఉండేది. అది చూసి బడాయి ఇంకా ఇంకా పోసేవాడు.

ఎండలు వచ్చాయి. కట్టు విప్పారు, మందులు ఆపారు. చేతికర్ర పట్టుకుని మామగారు నెమ్మదిగా భోజనాల బల్ల దాకా నడిచాడు. హోటలాయన వచ్చాడు. వస్తూనే, "ఏం బావా, పెళ్లికొడుకులా ఉన్నావే" అని భుజం తట్టాడు. అత్తగారు వేయించిన చేపలు వడ్డించింది. మామగారు తెల్ల చొక్కా వేసుకుని, ఉదయం నుంచి ఏమీ తినకుండా కూర్చున్నాడు. ఇన్ని నెలలకి మొదటి గుక్క కదా.

బడాయి సీసా తెచ్చాడు. మూడు వేళ్లతో పట్టుకుని, ఒక కన్ను మూసి, బిరడాలో మర తిప్పబోయాడు. తిప్పే అవసరం రాలేదు. బిరడా తనంతట తానే "ఠాప్" మని ఎగిరి పైకప్పుకి కొట్టుకుని చేపల పళ్లెంలో పడింది. వెనకాలే నురగ. బడాయి మొహం, చొక్కా, బల్ల మీద గుడ్డ, అన్నీ తడిసిపోయాయి.

"అమ్మో!" అంది అత్తగారు.

చలికి పడుకున్న పులిసే గుణం ఎండలకి నిద్రలేచి, మిగిలిన చక్కెరని సీసాల్లోనే తింటోందని ఆ క్షణంలో బడాయికి అర్థమైంది. తీపి చావలేదు. సీసాల్లో కూర్చుని కాళ్లు బార్లా చాపుకుంది.

కానీ నోరు మనసు కోసం ఎప్పుడు ఆగింది గనక?

"చూశారా బాబాయ్! కావాలనే అలా చేశా. బుడగల వైన్! నలభై కొండల అవతల ఒక ముసలాయన దగ్గర నేర్చుకున్న విద్య. చచ్చేముందు నా ఒక్కడి చెవిలోనే..."

హోటలాయన గ్లాసు ఎత్తి చప్పరించాడు. కొంచెం తీపి, కొంచెం మసక, నాలుక మీద చురుకు చురుకు.

"భలే ఉందే! కుర్రాళ్లు ఎగబడి తాగుతారు. బావా, మీ అల్లుడు మామూలోడు కాదు. వచ్చే ఏడు మొత్తం ఇదే చేయించు. ఆ పుల్లనీళ్లు నాకొద్దు, ఇదే కొంటా."

అంతే. గెలిచేశాడు. తాళంచెవి వచ్చి చేతిలో పడబోతోంది. బడాయి గర్వంగా మామగారి వైపు తిరిగాడు.

మామగారు గ్లాసు ఎత్తాడు. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాడు. మింగాడు. గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, రెండు వేళ్లతో కొంచెం అవతలికి జరిపాడు. తర్వాత మంచినీళ్ల చెంబు అందుకున్నాడు. అల్లుడి వైపు చూడలేదు.

భార్య మాత్రం చూసింది. పోస్టాఫీసులో చిరునామా లేని కవరుని చూసినట్టు.

బడాయి జీవితంలో మొదటిసారి లోపలి గొంతు మెట్లెక్కి బయటికి వచ్చేసింది.

"ముసలాయనా లేడు, కొండలూ లేవు బాబాయ్. టీ తాగి రుచి చూశాను."

"ఏంటి?"

"చక్కెర టీ. ప్రతి పీపాకీ ఒక గుక్క. తీపి ఉందో లేదో నా నాలుకకి తెలిసే దారే లేదు. గొట్టం వేసి చూడమని ఈవిడ చెప్పింది. నా నాలుకే గొట్టమన్నాను. చలికి ఆగిపోతే, అయిపోయిందనుకున్నాను. ఇది విద్య కాదు, దరిద్రం."

హోటలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "టీయా! ఏం కథలు చెబుతావయ్యా నువ్వు! ముసలాయన కథే నయం, కాస్త నమ్మేలా ఉంది."

"ఒట్టు బాబాయ్, నిజం!"

"ఊరుకోవయ్యా. తెలివైనవాడివి, నీ రహస్యం దాచుకోవడానికి ఎన్ని వేషాలో!"

బడాయి చచ్చీచెడీ ఒక్క నిజం చెబితే కొనేవాడే లేడు. అబద్ధాలకైతే ఎగబడేవాళ్లు. అతను ప్రమాణాలు చేస్తున్నకొద్దీ హోటలాయన నవ్వుతున్నాడు. చివరికి మామగారే నోరు విప్పాడు.

"నిజమే చెబుతున్నాడు బావా."

"నీకెలా తెలుసు?"

"ఈ ఇంటికొచ్చిన దగ్గర్నించీ వీడు చెప్పిన కథల్లో వీడు మొద్దులా కనిపించింది ఇదొక్కటే. వీడు కల్పించుకుంటే ఇలా కల్పించుకోడు."

నవ్వు ఆగింది. హోటలాయన గ్లాసు మళ్లీ వాసన చూసి, "అవును, మసకగానే ఉంది. రోజూ ఇదే వస్తుందన్న నమ్మకం లేనిదాన్ని నేనెలా అమ్మను?" అని తనూ పక్కకి జరిపాడు. బల్ల మీద రెండు గ్లాసులు వెలివేసినవాళ్లలా మధ్యలో నిలబడ్డాయి. ఇక లారీయే అని బడాయికి అర్థమైంది. పీపాలు కొనేవాడెవడో, వాటిని సగానికి కోసి పూలకుండీలు చేస్తాడేమో కూడా కళ్లకి కట్టింది.

ఈలోగా భార్య ఎప్పుడు దిగివెళ్లిందో, కింద నుంచి కేకేసింది.

"నాన్నా! మూలనున్న పెద్ద పీపా గుసగుసలాడుతోంది!"

"అది నువ్వు సీసాల్లోకి ఎక్కించలేదా?" అన్నాడు మామగారు, ఈసారి అల్లుడి మొహంలోకి చూస్తూ. పీపాలో ఉన్నదానికి ఊపిరాడుతుంది. ఎండలకి లేచి మిగిలిన తీపిని అదే చంపుకుంటుంది.

జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. "ముందే ఊహించి ఆపాను మావయ్యా." ఎంత అందమైన వాక్యం! బడాయి దాన్ని బలవంతంగా మింగాడు. టీ కన్నా కష్టంగా దిగింది.

"లేదు మావయ్యా. బద్ధకమేసింది."

మామగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని బడాయి హడలిపోయాడు. నవ్వుతున్నాడు. కట్టు విప్పిన కాలు నొప్పి పుట్టేలా, బల్ల పట్టుకుని నవ్వుతున్నాడు.

"తెలివితో ముంచావు, బద్ధకంతో గట్టెక్కించావు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "బావా, కొన్నాళ్లు ఆగగలవా?"

"నీ పుల్లనీళ్లే నయం, ఎప్పట్లాగే వస్తే ఆగుతా" అన్నాడు హోటలాయన, చేపలోంచి బిరడా ఏరి పక్కన పెడుతూ.

ఆగాడు. పెద్ద పీపా తన మాటలన్నీ చెప్పుకుని ఊరుకున్నాక భార్య గాజుగొట్టం వేసింది. అది నిండా మునిగింది. అప్పటికి జలుబు తగ్గిన ముక్కుతో వాసన చూసి, పరగడుపున నాలుక మీద ఒక చుక్క వేసుకుని, "చచ్చింది" అంది. బడాయి అది నమ్మి, మారు మాట్లాడకుండా సీసాలు నింపాడు. మామగారు మొదటి గ్లాసు తాగి, మంచినీళ్లు అడగలేదు. రెండో గ్లాసు అడిగాడు. హోటలాయన ఆ పీపా సరుకంతా పట్టుకుపోయాడు. పేలే సీసాలు మాత్రం ఇంట్లోవాళ్లే తాగి ముగించాలని అత్తగారు తీర్పు చెప్పింది. ఆ ఎండాకాలమంతా ఆ ఇంట్లో ఎవరూ గొడుగు లేకుండా భోజనానికి కూర్చోలేదు. అని బడాయి చెబుతాడు.

తాళంచెవి భార్య నడుముకి చేరింది. "కష్టం మీరు చెయ్యండి, రుచి నేను చూస్తాను, అమ్మేటప్పుడు మీరు మాట్లాడండి" అని ఆవిడ ముద్ర కొట్టేసింది. బడాయి టీకొట్టులో దీన్ని, "బాధ్యతలు పంచాను" అని చెప్పుకున్నాడు. అంతలోనే, "పంచలేదులే, లాక్కున్నారు" అని తనే దిద్దుకున్నాడు. జనం ఆ రెండో వాక్యానికే ఎక్కువ నవ్వారు. అతనికి అది బాగా నచ్చింది.

మళ్లీ కోతలు వచ్చాయి. వెలుతురు పడుతుండగా ఫ్యాక్టరీ లారీ గేటు ముందు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"ఏం బడాయన్నా, పీపాలో కప్పు టీ పోశావటగా?"

"కప్పేంటి తమ్ముడూ, నన్నంత తక్కువ చేస్తావా? బిందెడు పోశా. అందులో చక్కెర బస్తా. మొదటి బిరడా ఎగిరి మీ ఫ్యాక్టరీ పొగగొట్టంలో పడింది, ఎక్కి చూసుకోండి. ఇంత మొద్దు ఈ చుట్టుపక్కల ఇంకొకడు దొరికితే నా మీసం తీయించుకుంటా."

"మరి పళ్లు? వైన్ కుదరకపోతే పళ్లు మాకేనని మీ పెద్దాయన పోయినేడాది కబురు పెట్టాడుగా, ఎక్కించమంటావా?"

"మా పీపాలకే చాలవు. లారీ పక్కకి తియ్యి, బుట్టలొస్తున్నాయి."

లారీ వెనక్కి మళ్లి, ఖాళీగా మోగుతూ దిగువకి వెళ్లిపోయింది. అది లేపిన దుమ్ము గుత్తుల మీద పడకుండా బడాయి బుట్టల మీద తడి గోనె కప్పాడు. మొదటి బుట్ట భుజానికెత్తుకుని మర దగ్గరికి నడిచాడు.